కొడిగట్టిన ఊళ్లో మీటరు గుంట: నా అనుభవం

మా అత్తయ్య ఇంగ్లాండ్ వచ్చి పది రోజులు కాలేదు. మే నెలలో ఒక శనివారం పొద్దున్నే నేను పాత ప్యాంటు, గంబూట్లు వేసుకుని బయల్దేరుతుంటే ఎక్కడికని అడిగారు. పక్క ఊళ్లో ఒక పెద్దావిడ పెరట్లో గుంట తవ్వడానికి అన్నాను.

"కూలెంత?"

"కూలి లేదత్తయ్యా. ఊరికే."

"సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పెట్టుకుని సెలవు రోజుల్లో ఊరికే మట్టిపనికి పోతున్నావా?" అని కాసేపు నా మొహంలోకి చూశారు. "ఆగు, శాలువా తెచ్చుకుంటా, నేనూ వస్తా" అన్నారు. ఆ రెండు రోజుల్లో ఆ పెరట్లో అందరికన్నా పనికొచ్చే మాటలు ఆవిడే చెప్పారు.

మేం ఉండేది కేంబ్రిడ్జ్ దగ్గర. తవ్విన ఊరు మా ఇంటి నుంచి కారులో అరగంట. ఊరి పేరు మాత్రం రాయను. రాత్రిళ్లు మెటల్ డిటెక్టర్లు పట్టుకుని దొంగచాటుగా పొలాల మీద పడేవాళ్లు ఇక్కడ ఉన్నారు. వాళ్లకి దారి చూపించొద్దని పెరడు గల పెద్దావిడ ముందే మాట తీసుకున్నారు. పేరు చివర 'హామ్' అని ఉంటుందని మాత్రం చెప్పగలను. పాత ఇంగ్లీషులో ఆ ముక్కకి ఇల్లు, ఊరు అని అర్థం. మన 'పల్లె', 'పాడు' లాంటిదన్నమాట. 1066లో నార్మన్లు వచ్చి రాజ్యం లాక్కోకముందు శాక్సన్లు పెట్టుకున్న పేరు.

ముప్పై చిల్లర ఇళ్లు, ఒక పబ్బు, ఒక బస్‌స్టాప్. చర్చి మాత్రం ఊళ్లో లేదు. మూడొందల మీటర్ల అవతల, గొర్రెలు మేసే బీట్లో ఒంటరిగా ఉంది. మొదటిసారి చూసినప్పుడు ఊరికి ఇంత దూరంగా ఎందుకు కట్టారా అనుకున్నాను. అసలు నా ప్రశ్నే తప్పు. చర్చి ఉన్నచోటే ఉంది, దాని చుట్టూ ఉన్న ఇళ్లే పోయాయి.

ఆ బీడు మధ్యాహ్నం పూట చూస్తే ఉత్త గడ్డి. చలికాలం సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు చూడాలి. గడ్డి కింద నుంచి ఊరు లేస్తుంది. ఇళ్లు ఉన్న చోట్ల చదునైన దిబ్బలు, వాటి మధ్య మనుషులూ పశువులూ నడిచి నడిచి కుంగిపోయిన బాట, ఆ బాట పక్కన పెరళ్ల గట్లు. ఇంకా అవతల బోదెలూ కాలువలూ వేసినట్టు అలలు అలలుగా పాత పొలాలు. ఆ అలలు తిన్నగా ఉండవు, చివర్లో కొంచెం వంపు తిరుగుతాయి. ఇక్కడ బరువు నాగలికి ఎనిమిది ఎద్దుల దాకా కట్టేవాళ్లు. అంత బారు జట్టు ఒక్కసారిగా తిరగలేదు కాబట్టి చాలు కొస రాకముందే ఎద్దుల్ని పక్కకి మళ్లించాలి. ఏడొందల ఏళ్ల కిందట ఎద్దులు తిరిగిన మలుపు ఇవాళ గొర్రెల కాళ్ల కింద ఉంది. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ విమానం నుంచి లేజర్‌తో కొలిచిన లైడార్ బొమ్మలు ఉచితంగా పెట్టింది. ఇంట్లో కూర్చుని వాటిలోనూ చూడొచ్చు. నేను ఈ పిచ్చిలో పడింది ఆ బొమ్మలు చూసే.

మన రెవెన్యూ రికార్డుల్లో బేచిరాకు గ్రామం అనే మాట ఉంటుంది. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టేవాళ్లు లేని ఊరు. ఇంగ్లాండ్‌లో మధ్యయుగాల నాటి అలాంటి ఊళ్లు రెండు వేలకు పైగానే లెక్క తేలాయి. అన్నిటికన్నా పేరున్నది యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీ. మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు, జాన్ హర్స్ట్ అనే పురావస్తు శాస్త్రవేత్త కలిసి 1950 నుంచి 1990 దాకా వేసవి వేసవికీ అక్కడ తవ్వకం నడిపించారు. ఆ ఊళ్లో చివరి కుటుంబాల్ని 1500 ప్రాంతంలో గొర్రెల మేత కోసం వెళ్లగొట్టారు. ఇప్పుడు పైకప్పు లేని చర్చి గోడలు, గడ్డి దిబ్బలు మిగిలాయి.

మేం తవ్విన ఊరు ఆ జాబితాలోది కాదు. దీపం ఆరలేదు, కొడిగట్టింది. సగం ఊరు పోయి సగం మిగిలింది. ఇలాంటివాటిని ఇక్కడ కుంచించుకుపోయిన గ్రామాలు అంటారు. నా మటుకు నాకు ఖాళీ అయిపోయిన ఊరికన్నా ఇదే ఎక్కువ ఆసక్తి. కాకపోతే తవ్వడం కష్టం. వారమ్ పెర్సీలో ఎక్కడ కావాలంటే అక్కడ పార వెయ్యగలిగారు. ఇక్కడ పాత ఊరి మీద మనుషులు కాపురాలు ఉంటున్నారు, కార్లు పార్క్ చేసుకుంటున్నారు, గులాబీలు పెంచుతున్నారు.

ఈ ఇబ్బందికి కరెంజా లూయిస్ అనే ఆవిడ ఒక దారి చూపించారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఉండగా 2005 నుంచి తూర్పు ఇంగ్లాండ్ ఊళ్లలో బడిపిల్లల చేత, ఊరివాళ్ల చేత పెరళ్లలో చిన్న చిన్న గుంటలు తవ్వించారు. ఒక్కో గుంట మీటరు పొడుగు, మీటరు వెడల్పు. ఒక్క గుంట ఏమీ చెప్పదు. ఊరంతా పాతిక ముప్పై తవ్వి, ఏ గుంటలో ఏ కాలపు కుండపెంకులు ఎన్ని వచ్చాయో మ్యాప్ మీద గుర్తు పెడితే ఊరు ఎప్పుడు ఎటు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో కనిపిస్తుంది. మా ఊరి స్థానిక చరిత్ర సంఘం పట్టుకున్నది కూడా ఇదే పద్ధతి. ఆ శనాదివారాల్లో ఇరవై రెండు గుంటలు తవ్వారు. నాది పదిహేడో నంబరు.

తొమ్మిదింటికి ఊరి హాల్లో అందరికీ ఒక్కో బకెట్ సామాను ఇచ్చారు. పార, రెండు తాపీలు, జల్లెడ, టేపు, దారం, నాలుగు మేకులు, సంచులు, చెరగని పెన్ను, ఒక పుస్తకం. తాపీ చూడగానే అత్తయ్య "ఇదేంటి, గోడ కడతారా?" అన్నారు. మన తాపీమేస్త్రీలది ఆకులా వెడల్పు. ఇక్కడిది బారెడు మొహం లేకుండా నాలుగంగుళాలే ఉంటుంది, కానీ అంచు బాగా పదును. దాంతో తవ్వరు, మట్టిని గీకుతారు.

ముందు కరెంటు తీగలూ గ్యాసు గొట్టాలూ ఉన్నాయేమోనని ఒక యంత్రం పట్టుకుని నేలంతా తిరిగారు. మా చోట అది ఒకసారి కీచుమంది. నాకు టెన్షన్ పట్టుకుంది, ఇక్కడ వద్దంటారేమోనని. రెండడుగులు పక్కకి జరిపి సరే అన్నారు. మేకులు కొట్టి, దారం చుట్టి, మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు వచ్చాయా లేదా అని ఐమూల కొలిచాం. 141 సెంటీమీటర్లు రావాలి. మాకు 138 వచ్చింది. మళ్లీ పీకి మళ్లీ కొట్టాం.

గడ్డిని వేళ్లతో సహా చతురస్రాలుగా కోసి తీసి, ఏది ఎక్కడిదో తెలిసేలా నీడలో పేర్చాలి. ఆ పచ్చిక అంటే పెద్దావిడకి ప్రాణం. మా ప్రతి కదలికనీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

ఆ తర్వాత లెక్క మొదలవుతుంది. ఇష్టమొచ్చినట్టు లోతుకి పోకూడదు. పది సెంటీమీటర్లు తవ్వాలి, ఆగాలి. ఆ మట్టంతా జల్లెడ పట్టాలి. దొరికినవన్నీ ఆ పొర నంబరు రాసిన సంచిలో వెయ్యాలి. అడుగు శుభ్రంగా గీకి, ఫోటో తీసి, బొమ్మ గీసి, మట్టి రంగు రాసి, అప్పుడు తర్వాతి పది. ఒక్కో పొర నూరు లీటర్ల మట్టి. తడిగా ఉంటే నూటయాభై కిలోలు దాటుతుంది. మధ్యాహ్నానికి నా నడుము సంగతి నాకు తెలిసొచ్చింది. తోడుగా ఒక రిటైర్డ్ టీచరమ్మ, మా పన్నెండేళ్ల అబ్బాయి ఉన్నారు. ఎవరికి వాళ్లం జల్లెడ పని ఎదుటివాళ్లకి వదలాలని చూసేవాళ్లం.

మట్టి రంగు రాయడానికి ఒక రంగుల పుస్తకం ఉంటుంది, మన్సెల్ చార్ట్ అంటారు. పెయింట్ షాపులో గోడ రంగు ఎంచుకునే కార్డుల్లాంటిదే. మట్టి ముద్ద పక్కన పెట్టి సరిపోయే గడి చూసి 10 వైఆర్ 3/2 అనో మరొకటో రాయాలి. 'ముదురు గోధుమ రంగు' అని రాస్తే ఒప్పుకోరు, నీ ముదురు నా ముదురు ఒకటి కాదు కదా అంటారు. మావాడూ నేనూ అయిదు నిమిషాలు పోట్లాడుకున్నాక ఆ మాటలో న్యాయం ఉందనిపించింది.

మొదటి పొరలో ప్లాస్టిక్ బొమ్మ సైనికుడి కాలు, సీసా మూత, పూలకుండీ ముక్కలు. రెండో పొరలో నీలం తెలుపు పింగాణీ, విక్టోరియా రాణి కాలపు కప్పులూ సాసర్లూ. బొగ్గు, తుప్పు మేకులు, మట్టి చుట్టగొట్టం ముక్కలు. ఈ గొట్టాలు పొగాకు వచ్చాక మొదలైనవి. ఇక్కడివాళ్లు సిగరెట్ పీకల్లా విరగ్గొట్టి పారేసేవాళ్లు, ప్రతి గుంటలోనూ వస్తాయి. మూడో పొరలో ఆల్చిప్పలు. సముద్రం ఎంతో దూరాన ఉన్న ఊళ్లో ఆల్చిప్పలేంటని మావాడు ఆశ్చర్యపోయాడు. ఒకప్పుడు అది ఇక్కడ పేదవాళ్ల తిండి కూడా, పీపాల్లో పెట్టి లోపలి ఊళ్లకి తెచ్చేవాళ్లు. నాలుగో పొరలో ఎర్రమట్టి మీద మెరుగు పూసిన మందపాటి పెంకులు, 1600 తర్వాతివి.

అయిదో పొర దగ్గర మట్టి మారింది. నల్లటి తోటమట్టి పోయి, కాస్త లేత గోధుమ రంగు, కాస్త గట్టిదనం. జల్లెడలో రాళ్లు తప్ప దాదాపు ఏమీ లేవు. గోరంత బూడిదరంగు పెంకులు రెండు, అంతే. ఈ పొరలో ఏమీ లేదు, తొందరగా కానిచ్చేద్దాం అన్నాను. మమ్మల్ని చూసుకునే పురావస్తు అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, "ఏమీ లేదు అని కూడా పుస్తకంలో రాయండి" అంది. రాశాను గానీ అప్పటికి ఆ మాట నా బుర్రకి ఎక్కలేదు.

ఆరో పొరలో ఒక్కసారిగా గుప్పెళ్లు గుప్పెళ్లు పెంకులు. ఇసుక కలిపి కాల్చిన బూడిదరంగు కుండలు, గొర్రె దవడ, పంది పన్ను. సుమారు 1100 నుంచి 1350 లోపువని ఆ అమ్మాయి చూడగానే చెప్పింది. నా ఆనందానికి హద్దు లేదు. ఆ హుషారులోనే పొరపాటు చేశాను.

ఏడో పొర మట్టి జల్లెడ పడుతుంటే నల్లగా, తేలిగ్గా, చెట్టుబెరడు ముక్కలాంటిది ఒకటి వచ్చింది. గట్టిగా కూడా లేదు. బెరడే అనుకుని రాళ్లతో పాటు కుప్ప మీదకి విసిరేశాను. అలాంటివే ఇంకో రెండు కూడా. అత్తయ్య మడతకుర్చీలో కూర్చుని చూస్తున్నారు. లేచి వెళ్లి, కుప్ప మీద నుంచి ఒకటి తీసి, శాలువా అంచుతో తుడిచి, "అమ్మాయ్, ఇది కుండ కదుటే, పారేస్తావేం?" అన్నారు.

కాదత్తయ్యా, బెరడు అన్నాను.

"నాకు తెలీదా? మసి చూడు. బయటే ఉంది, లోపల లేదు. పొయ్యి మీద పెట్టిన కుండ. ఇది మూతి." వేళ్లు వంచి ఆ అంచు వంపు పట్టుకుని, గాలిలో మిగతా చుట్టూ గీసి చూపించారు. "జానెడు మూతి. జానకి కాస్త తక్కువే. కూటికుండ."

పురావస్తు అమ్మాయిని పిలిచాను. తను దాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దింది. నన్నూ రుద్దమంది. తడి సబ్బుబిళ్ల మీద వేలు జారినట్టు జారింది. విరిగిన అంచు ఎండలో పెడితే నల్లమట్టిలో తెల్లటి చుక్కలు. శిలాజాల గవ్వలు ఉన్న మట్టి అది, అందుకే ఆ నునుపు. సెయింట్ నియట్స్ కుండ అంటారు, ఈ జిల్లాలోనే ఉన్న ఊరి పేరు మీద. సుమారు 900 నుంచి 1100 మధ్య ఈ చుట్టుపక్కలంతా వాడారు. అంటే శాక్సన్ల కాలం చివర. ఎవరో వండుకున్న కుండ, వెయ్యేళ్ల మసితో సహా, నేను బెరడనుకుని విసిరేసినది.

అత్తయ్యకి నేను అనువాదం చేసి చెప్తే, "వెయ్యేళ్లైతే ఏం, కుండ కుండే" అన్నారు. ఆవిడ మొహంలో మాత్రం వెలుగు వచ్చింది. పురావస్తు అమ్మాయి కుప్పంతా మళ్లీ జల్లెడ పట్టించింది. ఇంకో నాలుగు ముక్కలు వచ్చాయి. నాకు సిగ్గేసింది. పొద్దున్నించి అదే కుప్ప మీదకి ఇంకెన్ని విసిరానో అని రాత్రి నిద్ర పట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి ఎనిమిదో పొరలో తెల్లటి సుద్దమట్టి తగిలింది. మనిషి చెయ్యి పడని నేల. తాపీతో గీకితే జున్నులా తెగింది. ఇంక కింద ఏమీ ఉండదు. నాలుగు పక్కల గోడలూ బొమ్మలు గీసి, గుంట పూడ్చి, గడ్డి పలకలు ఎక్కడివి అక్కడ పరిచి తొక్కి, నీళ్లు పోశాం. నిజం చెప్పాలంటే తవ్వడం కన్నా పూడ్చడమే విసుగు.

ఆ సాయంత్రం హాల్లో అన్ని గుంటల వాళ్లం కూర్చుని పళ్లబ్రష్షులతో పెంకులు కడిగాం. ఇనుము కడగకూడదు, తుప్పు తింటుంది. మిగతావి కడిగి న్యూస్‌పేపర్ మీద, సంచి నంబరు పక్కన, ఆరబెట్టాలి. ఒక సంచిలోది ఇంకో సంచిలో కలిసిందో, రెండు రోజుల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. అత్తయ్య ఇక్కడ దళపతి అయ్యారు. బ్రష్షు ఎంత నొక్కాలో ఎవరికీ చెప్పక్కర్లేదు గానీ ఆవిడ సైగలతో అందరికీ చెప్పారు. మా పెద్దావిడా ఆవిడా ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. టీ, బిస్కెట్లు, పెంకులతోనే రెండు గంటలు గడిపారు.

ఆ బల్ల దగ్గరే అత్తయ్య పాటిమన్ను సంగతి ఎత్తారు. వాళ్లది ప్రకాశం జిల్లా. పాత ఊరు ఉండి పోయిన చోటుని వాళ్లవైపు పాటి అంటారు. ఆ పాటిదిబ్బ మీద మన్ను బూడిదా పేడా కలిసి బలంగా ఉంటుందని ఎండాకాలం బండ్ల మీద తోలి చేలల్లో చల్లేవాళ్లట. "దాంట్లో ఇలాంటి చిల్లపెంకులే. చేలో నడిస్తే కాళ్లకి గుచ్చుకునేవి" అన్నారు. నేను పురావస్తు అమ్మాయికి చెప్పాను. తను పెన్ను తీసి రాసుకుంది. ఇక్కడా ఇంటి చెత్త పెంటకుప్పలో పడి, పెంటతో పాటు పొలాలకి పోయేది. అందుకే ఒకటి రెండు అరిగిపోయిన పెంకులు దొరికితే అక్కడ ఇల్లు ఉందనరు, పొలం అంటారు. పెద్ద ముక్కలు, అంచులు వాడిగా ఉన్నవి, ఎక్కువగా దొరికితేనే ఇల్లు దగ్గర్లో ఉన్నట్టు. నా అయిదో పొరలోని రెండు గోరంత ముక్కలు పొలం లెక్క. ఆరు, ఏడు పొరలు ఇంటి లెక్క.

రిపోర్టు రావడానికి అయిదు నెలలు పట్టింది. పెంకుల నిపుణుడు ఒక్కో ముక్కా చూసి, గ్రాముల్లో తూచి, పట్టిక వేశాడు. అడ్డంగా కాలాలు, నిలువుగా పొరలు. మూతి ముక్కని వలయాలు గీసిన కాగితం మీద ఆనించి కుండ నోరు ఎంత వెడల్పో లెక్కగట్టే పద్ధతి ఉంది. నేను విసిరేసిన ముక్కకి 18 సెంటీమీటర్లు అని రాసి ఉంది. జాన అంటే తొమ్మిది అంగుళాలు, దాదాపు 23 సెంటీమీటర్లు. జానకి కాస్త తక్కువే.

ఆ పట్టికలో నేను ఎక్కువసేపు చూసింది వేరే గడి. 1350 నుంచి 1550 మధ్య. పదిహేడో గుంట, అన్ని పొరలూ: సున్నా. రెండొందల ఏళ్లు ఒక్క పెంకు లేదు. అంతకు ముందు రెండున్నర శతాబ్దాలు పెంకుల కుప్ప, ఆ తర్వాత మళ్లీ 1600 నుంచి పెంకులు. మధ్యలో ఎవరూ ఒక కుండ కూడా పగలగొట్టలేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ లేరు.

అన్ని గుంటలూ కలిపి వేసిన మ్యాపులు ఇంకా బాగున్నాయి. శాక్సన్ల చివరి కాలం మ్యాప్‌లో చర్చి చుట్టూ, కుంగిన బాట వెంట చుక్కలు. 1100 తర్వాతి మ్యాప్‌లో ఊరంతా చుక్కలే, పబ్బు వెనక దాకా. 1350 తర్వాతి మ్యాప్‌లో ఇరవై రెండింట నాలుగు. చుక్కలు మిగిలినవి ఇప్పుడున్న వీధి వెంట మాత్రమే. చర్చి ఒంటరిదైంది అప్పుడు.

అందరూ అనే జవాబు ప్లేగు. 1348లో దక్షిణ తీరాన దిగింది, మరుసటి ఏడు తూర్పు ప్రాంతాలకి పాకింది. జనంలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారు. అంతకు ముందే 1315 నుంచి మూడేళ్లు వానలూ కరువూ. కరెంజా లూయిస్ యాభై అయిదు ఊళ్లలో తవ్వించిన రెండు వేల దాకా గుంటల లెక్కంతా 2016లో అచ్చువేశారు. పద్నాలుగో శతాబ్దం తర్వాత పెంకులు మొత్తం మీద 45 శాతం తగ్గాయని తేలింది. మా చుక్కలు అంతకన్నా ఘోరం. అయినా ఇరవై రెండు గుంటల మీద శాతాలు కట్టడం నాకు ఇష్టం లేదు. నాలుగు అటుఇటైతే లెక్క తారుమారవుతుంది.

అత్తయ్య అప్పటికి తిరిగి వెళ్లిపోయారు. వీడియో కాల్‌లో పట్టిక చూపించి, ఇదిగో ఈ రెండొందల ఏళ్లు ఖాళీ, ప్లేగులో పోయుంటారు అన్నాను.

"అందరూ చచ్చిపోయారని నీకెవరు చెప్పారు?" అన్నారు ఆవిడ. "మన వీధిలో పదకొండు ఇళ్లకి తాళాలున్నాయి. వాళ్లంతా చచ్చిపోయారా? ఒకళ్లు హైదరాబాదు, ఒకళ్లు బెంగుళూరు. నువ్వెక్కడున్నావు?"

నేను పట్టిక కిందకి దించాను.

తర్వాత చదివి చూస్తే ఆవిడ మాటకి దన్ను దొరికింది. ప్లేగు తర్వాత కూలీలు దొరక్క కూలిరేట్లు పెరిగాయి. 1351లో పార్లమెంటు చట్టం చేసి మరీ కూలి పెంచకూడదని, పని వదిలి వేరేచోటికి పోకూడదని కట్టడి చెయ్యాల్సి వచ్చింది. పోతున్నారు కాబట్టే కదా పోకూడదని చట్టం. ఎక్కడో మంచి నేల ఖాళీ అయింది, కౌలు తగ్గింది, ఇక్కడి సుద్దనేల వదిలి అటు పోయి ఉంటారు. కొందరు చచ్చారు, కొందరు వెళ్లారు. ఏ ఇంట్లో ఏది జరిగిందో పెంకు చెప్పదు. రెండిటికీ పట్టికలో పడేది అదే సున్నా.

చరిత్ర సంఘం మీటింగులో నేను ఈ మాట అంటే ఒకాయన, పాతికేళ్లుగా ఆ ఊరి చరిత్ర రాస్తున్న మనిషి, కొంచెం నొచ్చుకున్నాడు. ఆయన వ్యాసంలో ప్లేగు మీద మూడు పేజీలున్నాయి. తీసెయ్యమనలేదు, పక్కన ఒక పేరా పెట్టమన్నాను. చూద్దాం అన్నాడు.

దొరికినవన్నీ చట్టప్రకారం ఆ నేల గల మనిషివే. బంగారం, వెండి లాంటి నిధులైతే లెక్క వేరు. మాకేమో పంది పన్నుతో సరి. పెద్దావిడ వాటిని బిస్కెట్ డబ్బాలో పెట్టుకున్నారు. జానెడు మూతి ముక్క మాత్రం కిటికీ గట్టు మీద, టీ కప్పు పక్కన ఉంది. ఎవరొచ్చినా వేలితో రుద్దమంటారు, సబ్బులా జారిందా లేదా అని అడుగుతారు.

నిన్న ఆవిడ దగ్గర్నించి ఫోటో వచ్చింది. మా గుంట పూడ్చిన చోట, సరిగ్గా మీటరు చతురస్రం, చుట్టూ ఉన్న గడ్డి కన్నా పచ్చగా ఉంది. తవ్వి వదులైన మట్టిలో తేమ నిలుస్తుంది, గడ్డికి అది తెలుసు. పొలాల కింద పూడిన కందకాల్ని విమానంలోంచి పట్టుకునేది కూడా ఈ గుర్తు మీదే. అయితే ఆవిడ ఫోటో పంపింది అందుకు కాదు. ఆ చోటు రెండంగుళాలు దిగిందట, మూలన గడ్డికోసే యంత్రం చక్రం పడుతోందట. సరిగ్గా తొక్కలేదు మీరు అని రాశారు. శనివారం ఒక బకెట్ మట్టి తీసుకెళ్లాలి.